ఆది చొక్కా

"తాతగారు దేనికైనా రేపంటున్నారు మేడమ్," అంది దమయంతి సిస్టర్. "స్నానానికి రమ్మంటే రేపు. గెడ్డం చేయిస్తానంటే రేపు. నిన్న ఇడ్లీ పట్టుకెళ్తే, రేపు తింటాలే అనేసి అటు తిరిగి పడుకున్నారు."

ఈ మాట తుని బజారులో ఎవరైనా విని ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవారు. కాత్యాయనికి మాత్రం గుండె జారిపోయింది. గది గుమ్మంలో నిలబడి తండ్రిని చూసింది. ఎండ కిటికీ దాటి మంచం దాకా వచ్చేసినా లోవరాజు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒక చెప్పు మంచం కింద ఉంది, రెండోది గుమ్మం దగ్గర బోర్లా పడి ఉంది. గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నాడేమో, చొక్కా ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ వేలాడుతోంది. బతుకంతా ఊళ్ళోవాళ్ళకి చొక్కాలు కుట్టిన మనిషి.

భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ వృద్ధుల నిలయం పేరు 'తీరం'. లోవరాజు అక్కడ చేరి నెల కూడా కాలేదు. ఎవరూ తీసుకొచ్చి పడెయ్యలేదు, తనే వస్తానన్నాడు. భార్య అచ్చియ్యమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు తుని ఇంటికి తాళం వేసి, తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు. "నువ్వు పనిచేసే ఆ తీరమో ఏదో ఉందన్నావు కదా, అక్కడికి పోతానమ్మడూ. నీ ఫ్లాటులో పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేను. అక్కడైతే నా ఈడు వాళ్ళుంటారు," అన్నాడు.

కాత్యాయనికి తెలిసిన నాన్న ఇలా ఉండడు. పక్షవాతం వచ్చి అమ్మ మంచం పట్టిన నాలుగేళ్ళూ ఆయన తెల్లారకముందే లేచేవాడు. ఒళ్ళు తుడవడం, జావ తాగించడం, బట్టలు మార్చడం అన్నీ తనే చేసేవాడు. ముఖ్యంగా వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి అమ్మని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేవాడు. పగలూ అంతే, రాత్రీ అంతే. నాలుగేళ్ళలో ఆ వీపు మీద కమిలిన మచ్చ కూడా లేదని డాక్టరే ఆశ్చర్యపోయాడు. కాత్యాయని విశాఖ నుంచి ఫోను చేస్తే మొదటి మోతకే ఎత్తేవాడు. "ఆ, చెప్పమ్మా. తిన్నావా? నేను తిన్నాను. ఇంకేటి?" అనేవాడు. ఆ మాటల్లో తొందర ఉండేది, దాంతోపాటు ధైర్యం కూడా ఉండేది. ఆ గొంతు వింటే చాలు, ఆమెకి ఆ రోజు పనిలో కాలు నిలిచేది.

ఇప్పుడు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది.

ఇలాంటి మార్పే కాత్యాయని పరిశోధన. సొంత ఇల్లు వదిలి ఇలాంటి చోటికి వచ్చిన పెద్దవాళ్ళు ఎందుకు మారిపోతారన్నది ఆమె ఏళ్ళ తరబడి గమనిస్తోంది. నోరు మూయకుండా కబుర్లు చెప్పే మనిషి మూగపోతాడు. ఇంటిల్లిపాదినీ గదమాయించిన ఆవిడ మంచినీళ్ళు తాగడానికి కూడా సిస్టర్ని అడుగుతుంది. ఒకాయన ఏ లోటూ లేకపోయినా బిస్కట్లు దిండు కింద దాచుకుంటాడు. ముసలితనం అని అందరూ సరిపెట్టుకుంటారు. కాత్యాయని సరిపెట్టుకోలేదు. మనిషి అలవాట్లు సగం ఒంట్లో ఉంటే సగం ఇంట్లో ఉంటాయని ఆమె నమ్మకం. పెరటి తలుపు సందులోంచి పడే వెలుతురు, ఫ్యాను చేసే టకటక, పక్కింటి కుక్కరు కూత, ఇవన్నీ మనిషిని లేపుతాయి, కూర్చోబెడతాయి, పనికి పురమాయిస్తాయి. ఇల్లు పోతే వాటితో పాటే సగం మనిషీ పోతాడు. అందుకని కొత్త గదికే పాత ఇంటి నడత నేర్పాలని ఆమె, ఆమెతో పనిచేసే ఫిరోజ్ కలిసి ఒక యంత్రం కట్టారు. దానికి ఆమె పెట్టిన పేరు 'ఆది'.

ఆ పేరు నాన్న కొట్టులోది. తునిలో స్టేషనుకి పోయే వీధిలో లోవరాజు కొట్టు ఉండేది. మెడలో టేపు వేలాడుతున్నా ఆయన దానికంటే ఆదినే నమ్మేవాడు. కొత్త బట్ట తెచ్చినవాళ్ళు, ఒంటికి చక్కగా పట్టే పాత చొక్కానో జాకెట్టునో ఆదిగా తెచ్చి ఇవ్వాలి. దాన్ని బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసి, దాని ప్రకారం కత్తిరించేవాడు. అయితే ఆది చేతికి తీసుకునే ముందు ఎంతటివాళ్ళనైనా ఒక మాట అడిగేవాడు. "ఇది ఎప్పుడు కుట్టించింది? ఇప్పుడు తొడుక్కుంటున్నారా?" ఒకసారి పురిటి నుంచి లేచిన ఒకావిడ పెళ్ళినాటి జాకెట్టు తెచ్చిస్తే, "ఇది నువ్వు కాదు తల్లీ, ఇంకోటి తే," అని వెనక్కి పంపేశాడు. బల్ల కింద కూర్చుని గుండీలు ఏరుకుంటున్న కాత్యాయని ఆ మాట విని నవ్వింది కూడా.

యంత్రానికీ ఆది కావాలి. మనిషి తన ఇంట్లో ఉన్నప్పుడు ఎలా ఉండేవాడో దానికి తెలియాలి. లోవరాజు విషయంలో అది వెతుక్కోవలసిన పని లేదు. అమ్మ మంచాన పడ్డ కొత్తలో కాత్యాయని తుని ఇంటి గోడలకి రూపాయి బిళ్ళంత బిళ్ళలు అతికించింది. అవి బొమ్మలు తియ్యవు. కదలికని, వేడిని, వెలుతురుని, వాసనని, చప్పుడిని పసిగడతాయి. నాన్న లేచినప్పుడల్లా విశాఖలో ఆమె బల్ల మీద తెరలో ఒక గీత పైకి లేచేది. పని మధ్యలో ఆ గీత చూసుకుని, నాన్న లేచాడు, అమ్మని తిప్పాడు అనుకునేది. నాలుగేళ్ళ గీతలు అలాగే ఉన్నాయి.

"ఇంతకంటే మంచి ఆది ఎవరికి దొరుకుతుంది ఫిరోజ్?" అంది.

"అమ్మగారి జాడలు కూడా ఇందులో కలిసి ఉన్నాయి కదా. వాటినేం చేద్దాం?"

"తీసెయ్యి. అమ్మ గొంతు గానీ ఊపిరి గానీ నాన్నకి వినిపించకూడదు. అంత అన్యాయం చెయ్యలేను."

ఆ పని ఫిరోజ్ ఒక్కడే చేశాడు. కాత్యాయని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అమ్మ మూలుగు, దగ్గు, నోరు పడిపోయాక మిగిలిన ఆ ఒక్క 'ఊ' కూడా ఏరి తీసేశాక ఫిరోజ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

గదిలో ఆది పెడుతున్న రోజు లోవరాజు మంచం మీద కూర్చుని వింతగా చూశాడు. "ఏటమ్మడూ ఇదంతా?" అన్నాడు.

"గదికి కొంచెం మన ఇంటి వాసన పట్టిస్తాం నాన్నా. నీకు బాగుంటుంది."

"సరే, నీ ఇష్టం," అని ఆవలించి పడుకున్నాడు.

యంత్రం తన పని మొదలుపెట్టింది. తుని పెరట్లో తెల్లారినట్టే ఆ గదిలో తెల్లారేది. ఫ్యాను టకటకమనేది. ఇస్త్రీ పెట్టె కింద తడిబట్ట వాసన అప్పుడప్పుడు సన్నగా తగిలేది. ఏదీ ప్రత్యేకంగా తెలిసేది కాదు, పక్కనున్నవాళ్ళకి అసలే తెలిసేది కాదు. లోవరాజు ఒక పని చేసే ముందు ఆ ఇంట్లో ఏం జరిగేదో ఆది వెతికేది, అదే ఇక్కడ జరిపించేది, ఆయన లేస్తే గుర్తుపెట్టుకునేది, లేవకపోతే ఇంకోటి ప్రయత్నించేది.

కొద్ది రోజుల్లోనే లోవరాజు మారిపోయాడు. దమయంతి వచ్చేసరికి స్నానం చేసి, తల దువ్వుకుని, గుండీలు సరిగ్గా పెట్టుకుని సిద్ధంగా ఉంటున్నాడు. చెప్పులు గుమ్మం పక్కన జతగా ఉంటున్నాయి. ఒకరోజు కాత్యాయని ఫోను చేస్తే మొదటి మోతకే ఎత్తాడు.

"ఆ, చెప్పమ్మా. తిన్నావా? నేను తిన్నాను. ఇంకేటి?"

కాత్యాయని కారు రోడ్డు పక్కన ఆపేసింది. అమ్మ పోయాక నాన్న కూడా చేజారిపోతున్నాడని లోలోపల ఎంత భయపడిందో ఆమెకి అప్పుడు తెలిసింది. నాన్న వచ్చేశాడు, అంతే చాలు అనుకుంది. ఆ గొంతు కోసం రోజుకి మూడుసార్లు ఏదో ఒక వంక పెట్టుకుని ఫోను చేసేది.

"బాగానే ఉన్నారండి, కొంచెం సన్నబడ్డారు," అంది దమయంతి. "పొడుగు బాలీసు దిండు ఒకటి కావాలంటే ఇచ్చేం. చంటిపిల్లలకి రాసే పౌడరు కూడా కావాలంట."

పౌడరు డబ్బా కాత్యాయనే కొనుక్కెళ్ళింది. మనిషికి అలంకారం మీద ధ్యాస కలిగిందంటే మనసు కోలుకుంటున్నట్టే అని సంబరపడింది కూడా.

సంబరపడనివాడు ఒక్కడే ఉన్నాడు. పక్క గదిలో ఉండే అబ్రహాం మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వరండాలో కుర్చీ వేసుకుని పేకముక్కలు కలుపుతూ కూర్చుంటాడు. "మీ నాన్నని నాకు తిరిగిచ్చెయ్యమ్మా," అన్నాడు ఒకరోజు. "మొదట్లో బాగుండేవాడు. పేకాడేవాడు, ఆట మధ్యలో కునుకు తీసేవాడు, లేచి నా ముక్కలు చూసేసేవాడు. ఇప్పుడు పిలిస్తే పనుందంటాడు. ఇక్కడేం పనమ్మా ఎవరికైనా?"

"చురుగ్గా ఉండటం మంచిదే కదా మాస్టారూ," అంది కాత్యాయని. ఆయన ముక్కలు కలుపుకుంటూ ఉండిపోయాడు.

ఆది సంగతి పైవాళ్ళ దాకా వెళ్ళింది. తీరంలోని అన్ని గదుల్లోనూ పెట్టవచ్చునో లేదో చూడడానికి నలుగురు పెద్దలు వచ్చారు. లోవరాజు లేచి నమస్కారం పెట్టాడు. అడిగినవాటికి తడుముకోకుండా జవాబు చెప్పాడు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన తొడుక్కున్న చొక్కా వైపు చూసి, "భుజం దగ్గర కుట్టు కిందికి జారిందండి. ఎవడో తొందరలో లాగించేశాడు," అన్నాడు. అందరూ నవ్వారు. కాత్యాయనికి ఒళ్ళంతా గర్వం.

ఆ నవ్వు మధ్యలో లోవరాజు మాట ఆగింది. తల కొంచెం పక్కకి వంచి ఏదో విన్నాడు. మిగతావాళ్ళెవరికీ ఏమీ వినిపించలేదు.

"ఒక్క నిమిషమండి," అని లేచాడు. మంచం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, మర్యాదగా, "మీరు కాస్త అటు తిరగండి. ఆడమనిషి," అన్నాడు.

నలుగురూ తిరిగారు. ఆ మాటకి ఎవరైనా తిరుగుతారు. కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు. కాత్యాయని తిరగలేదు.

లోవరాజు దుప్పటి మెల్లిగా తీశాడు. దాని కింద బాలీసు ఉంది. ఒక చెయ్యి పైభాగం కిందికి, ఇంకో చెయ్యి నడుమున పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, గోడ వైపుకి తిప్పాడు. మడతపెట్టిన పంచె ఒకటి మధ్యలో ఇరికించాడు. పౌడరు అరచేతిలో పోసుకుని బాలీసు వీపు మీద పైనుంచి కిందికి రాశాడు. "అయిపోయింది, అయిపోయింది," అంటున్నాడు, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు. దుప్పటి కప్పాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ, ఏటడిగేరండి?"

వచ్చినవాళ్ళలో కుర్రాయన చేతిలోని తెర చూస్తూ, "అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు మేడమ్, అద్భుతం," అన్నాడు. పెద్దాయన మాత్రం మంచం వైపు చూశాడు, బాలీసు చూశాడు, పౌడరు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కాత్యాయని, ఫిరోజ్ ప్రయోగశాల తలుపు వేసుకుని ఆది ఆ గదిలో చేసిన చప్పుళ్ళన్నీ పెద్దవి చేసి విన్నారు. ఫ్యాను వినిపించింది. పక్కింటి కుక్కరు వినిపించింది. తర్వాత, నాన్న లేచిన ప్రతిసారీ ఆయన లేవడానికి కొంచెం ముందు, ఇంకో చప్పుడు వినిపించింది.

కిర్రు.

కాత్యాయని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది అమ్మ మంచం. పాత నవారు మంచం, కాలు ఒకటి వదులు. మాట పడిపోయిన అమ్మ, వీపు నొప్పెడితే, బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకుని లాగేది. కాలు కిర్రుమనేది. నాన్న లేచేవాడు.

"గొంతు తీశాను. ఊపిరి తీశాను," అన్నాడు ఫిరోజ్. "మంచం ఇంటి సామానని వదిలేశాను."

యంత్రానికి పాపం ఏం తెలుసు. ఏది వినిపిస్తే ఈ మనిషి తప్పకుండా లేస్తాడో వెతికింది. వెలుతురుకి ఒక్కోసారి లేచేవాడు, ఒక్కోసారి లేచేవాడు కాదు. ఈ చప్పుడుకి మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచేవాడు. అందుకని దాన్నే పట్టుకుంది. పగలూ రాత్రీ అదే చప్పుడు చేస్తూ, మనిషిని ఒక్క పూట కూడా తిన్నగా పడుకోనివ్వలేదు.

కాత్యాయని తెర ముందు కూర్చుండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఏ మూలన పడి ఉందో అన్నాళ్ళూ గుర్తురానిది. బడులు తెరిచే రోజు. తరగతిలో పిల్లలందరూ కొత్త యూనిఫారాల్లో ఉంటే, టైలరుగారి కూతురు మాత్రం పాత గౌనులో, ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. కొట్టుకెళ్ళి చూస్తే నాన్న, కత్తిరించిన ముక్కల గుట్ట మీద తల పెట్టుకుని, రేడియో మోగుతుండగా హాయిగా నిద్రపోతున్నాడు. బల్ల చుట్టూ బట్టలిచ్చినవాళ్ళు. "రాజుగారూ, చొక్కా?" అంటే ఒక కన్ను తెరిచి, "రేపు రండి" అనేవాడు. పెళ్ళికొడుకులు రేపు రండితో తిరిగేవారు, పండగలు రేపు రండితో వెళ్ళిపోయేవి. అయినా ఎవరూ ఇంకో టైలరు దగ్గరికి పోలేదు. కుట్టిన చొక్కా ఒంటికి అంత బాగా పట్టేది, ఆ కొట్టు బల్ల మీద కూర్చుంటే అంత బాగా పొద్దుపోయేది. సాయంత్రం అమ్మ కేరేజీ తెచ్చి, "మనిషా, మొద్దా?" అని తిట్టి లేపేది. నాన్న నవ్వేవాడు.

అదీ నాన్న. గుండీ తప్పించి పెట్టుకునేవాడు, చెప్పులు ఎక్కడ విప్పితే అక్కడ వదిలేసేవాడు, దేనికైనా రేపు అనేవాడు. అమ్మ మంచాన పడ్డాకే ఆయన గడియారం అయ్యాడు. నాలుగేళ్ళ ఆ నాన్న, నలభై ఏళ్ళ ఈ నాన్నని పూర్తిగా కప్పేశాడు. ఆది చొక్కా తెచ్చింది తనే, అది ఎప్పటిదో అడగనిది కూడా తనే.

పొద్దు వాలకముందే తీరానికి వెళ్ళింది. లోవరాజు మంచం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. దగ్గరనుంచి చూస్తే కళ్ళ కింద నల్లగా ఉంది, మెడ దగ్గర చొక్కా వదులైంది. ఇన్నాళ్ళూ వస్తూనే ఉంది, ఆ చొక్కా వదులు ఆమె కంటికి ఆనలేదు.

"నాన్నా, నీకు మంచం చప్పుడు వినిపిస్తోందా?"

"నీకెలా తెలిసింది?" అన్నాడాయన.

"అది నేను చేయిస్తున్నాను నాన్నా. ఈ గది చేస్తోంది. మన ఇంట్లో ఉన్నట్టు ఉంటావని పెట్టాను. నాకు తెలియలేదు."

లోవరాజు గోడల వైపు, పైకప్పు వైపు చూశాడు. "నువ్వా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆవిడ లేదని నాకు తెలుసమ్మడూ. మతి పోలేదు నాకు. కానీ చప్పుడైతే లేవకుండా ఎలా పడుకోను? నేనేటనుకున్నానో తెలుసా? అక్కడ కూడా ఆవిడకి వీపు నొప్పెడుతోంది కాబోలు, అక్కడ తిప్పేవాళ్ళు లేరు కాబోలు అనుకున్నాను."

కాత్యాయని ఆయన మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "లేదు నాన్నా. అమ్మకి ఏ నొప్పీ లేదు. అది ఉత్త చప్పుడు."

"నిజమేనా?"

"నిజం."

ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది. చాలాసేపు అలాగే ఉంది. "ఇక్కడికొచ్చిన కొత్తలో ఎంత నిద్రపట్టేదనుకున్నావు," అన్నాడు. "పడుకుంటే పడుకున్నట్టే ఉండేది. లేచేసరికి మాస్టారు పేక పట్టుకుని రెడీ. నాకే సిగ్గేసింది. పెళ్ళాం పోయి నెల తిరక్కుండా ఈ ముసలాడికి ఇంత నిద్రేటి, ఇంత నవ్వేటి అని. అంతలోకే చప్పుడు మొదలైంది. నేను మర్చిపోతున్నానని పిలుస్తోందనుకున్నాను."

"నీకు బాగోలేదనుకున్నాను నాన్నా. మనిషివి చేజారిపోతున్నావనుకున్నాను. అందుకే తుని ఇంటి ఆది తీసుకున్నాను, ఆ నాలుగేళ్ళది."

లోవరాజు కూతురి ముఖం ఎత్తి చూశాడు. మీసాల చాటున సన్నగా నవ్వాడు. "అడగొద్దమ్మా? ఇది ఇప్పుడు తొడుక్కుంటున్నావా అని? బల్ల కింద కూర్చుని ఎన్నిసార్లు విన్నావు."

"ఆపేస్తాను నాన్నా. ఇప్పుడే."

"ఆపెయ్." ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళేలోపు మళ్ళీ పిలిచాడు. "ఆగు. ఇంకొక్కసారి రానీ."

ఇద్దరూ మంచం పక్కన కూర్చున్నారు. సముద్రం మీద ఎండ పచ్చబడింది. వరండాలో మాస్టారు ఎవరితోనో వాదిస్తున్నాడు. కాసేపటికి ఆ చప్పుడు వచ్చింది. ఈసారి చెవులు రిక్కించిన కాత్యాయనికీ వినిపించింది.

"రా," అన్నాడు లోవరాజు. "నువ్వెప్పుడూ పట్టలేదు కదా."

నిజమే, ఎప్పుడూ పట్టలేదు. తెర మీద గీత లేస్తే చాలనుకుంది. తుని వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చునేది, కబుర్లు చెప్పేది, చెయ్యి పట్టుకునేది. తిప్పడం మాత్రం, నీకు చేతకాదులే అని నాన్నే చేసేసేవాడు.

"చెయ్యి ఇలా పోనీ. ముందు భుజం, తర్వాత నడుం. లాక్కూడదు, నీ ఒంటి మీదికి తీసుకోవాలి. మెల్లిగా."

ఇద్దరూ కలిసి బాలీసుని తిప్పారు. కాత్యాయని అరచేతిలో పౌడరు పోసుకుని పైనుంచి కిందికి రాసింది. దూది కిందికి నొక్కుకుపోతుంటే ఆమె వేళ్ళకి అమ్మ వీపు తగిలినట్టే అయింది. కళ్ళనీళ్ళు పౌడరులో పడ్డాయి.

"అయిపోయింది, అయిపోయింది," అన్నాడు లోవరాజు. ఆ మాట బాలీసుతో అన్నాడో, కూతురితో అన్నాడో. దుప్పటి అంచు సవరించి, దాని మీద ఒకసారి చెయ్యి వేసి, "పడుకో అచ్చీ," అన్నాడు.

కాత్యాయని ఆది ఆపేసింది.

ఫ్యాను టకటక పోయింది. ఇస్త్రీ వాసన పోయింది. గది మామూలు గది అయింది. లోవరాజు చెవి ఒగ్గి విన్నాడు.

"ఇదేటమ్మా, సముద్రం ఇంత చప్పుడు చేస్తుందా?" అన్నాడు.

తీరంలో మిగతా గదుల్లో ఆది పెట్టలేదు. కాత్యాయని పైవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చేసిన పని వెనక్కి పోయిందని కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఎవరైనా కొత్తగా తీరంలో చేరితే ఆమె వాళ్ళ ఇంటి జాడలు తిరగెయ్యదు. ముందు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటుంది. "మీరు ఎప్పుడు హాయిగా ఉండేవారు?" అని అడుగుతుంది. చాలామందికి జవాబు వెంటనే దొరకదు. కొందరు పెళ్ళికి ముందంటారు, కొందరు రిటైరయ్యాకంటారు, ఒకావిడ సిగ్గుపడుతూ ఇప్పుడే అంది.

లోవరాజు కోసం వరండాలో ఒక కుట్టుమిషను పెట్టించారు. కాత్యాయని జాకెట్టు గుడ్డ, దానితో పాటు ఒక పాత జాకెట్టు తెచ్చి ఇచ్చింది. ఆయన ఆ జాకెట్టు తిప్పి చూసి, కూతురి వైపు చూశాడు.

"ఇది ఇప్పుడు పడుతోందా?"

"లేదు నాన్నా. రెండేళ్ళుగా పట్టట్లేదు."

"మరి? నిలబడు." మెడలోంచి టేపు తీశాడు. భుజం నుంచి భుజానికి, చేతి పొడుగు, నడుం, కొలిచి నోట్లో నోట్లో అంకెలు గొణుక్కున్నాడు. చిన్నప్పుడు యూనిఫారానికి కొలిచినప్పుడు వచ్చిన సుద్దముక్క వాసనే వచ్చింది. కాత్యాయని కదలకుండా నిలబడింది. ఇంకా కాసేపు కొలిస్తే బాగుండుననిపించింది.

"ఎప్పుడిస్తావు?"

"రేపు రా."

మర్నాడు వెళ్తే రేపన్నాడు. తర్వాతి వారమూ రేపే. ఒక ఆదివారం పొద్దెక్కాక వెళ్ళేసరికి మిషను మీద గుడ్డ ఇచ్చినది ఇచ్చినట్టే మడతలో ఉంది, దాని మీద అబ్రహాం మాస్టారి పేకముక్కలు పరిచి ఉన్నాయి. గదిలో ఒక చెప్పు కిటికీ కింద, ఇంకోటి ఎక్కడో కనిపించకుండా ఉంది. చొక్కాకి గుండీ తప్పింది. బాలీసు కాళ్ళ కింద వేసుకుని, నోరు తెరుచుకుని, లోవరాజు నిద్రపోతున్నాడు. ఎండ ముఖం దాకా వచ్చేసింది.

కాత్యాయని చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తెర లాగింది. ముఖం మీద నీడ పడగానే ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఎవరూ తిప్పలేదు, తనంతట తనే తిరిగాడు. ఆమె అది చూస్తూ నిలబడిపోయింది.

గుమ్మంలోంచి దమయంతి మెల్లిగా అడిగింది. "కాఫీ టైము కూడా దాటిపోయింది మేడమ్. లేపమంటారా?"

"వద్దు సిస్టర్," అంది కాత్యాయని. "రేపొస్తాను."